దారిలో పట్టని మాటలు

సూరాడ లోవతల్లి మంచం పక్కనున్న పెట్టెను విప్పి తీసుకురావడానికి హైమ ఉప్పాడ వెళ్లింది. ఆ పనికి టెక్నీషియన్‌ను పంపితే సరిపోయేది. కాని ఏడిళ్లలోనూ ఆ పెట్టెలు బిగించింది తనే. విప్పే రోజున ఇంకొకరిని పంపి తను ఏసీ గదిలో కూర్చోవడానికి మనసొప్పలేదు.

హైమ విశాఖపట్నంలోని ఒక నాడీ పరిశోధన కేంద్రంలో నెట్‌వర్క్ ఇంజినీరు. పక్షవాతంతో నోరు పడిపోయిన వాళ్ల కోసం ఆ కేంద్రం 'భావవాహిని' అనే పరికరాన్ని తయారుచేసింది. మెంతిగింజంత చిప్‌ను చెవికి పైన, పుర్రె లోపల అమరుస్తారు. మనిషి చెప్పదలచుకున్నదాన్ని అది మాటగా మారకముందే పట్టుకుని మంచం పక్కనున్న పెట్టెకు అందిస్తుంది. పెట్టె దాన్ని నెట్‌వర్క్ మీద విశాఖకు పంపుతుంది. అక్కడి పెద్ద కంప్యూటరు ఆ భావాన్ని మాటగా మార్చి తిప్పి పంపితే, పెట్టెలోని స్పీకరు పలుకుతుంది. గొంతు కూడా ఆ మనిషిదే. పాత వీడియోల్లోంచి తీసి తయారుచేసేవారు.

కేంద్రం ఆవరణలోనే ఉంచిన మొదటి ఇద్దరు రోగులూ గడగడా మాట్లాడారు. వాళ్లలో ఒకాయన నోరు వచ్చిన మొదటి రోజే క్యాంటీన్ సాంబారు మీద అరగంట విరుచుకుపడ్డాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ధైర్యంతోనే మరో ఏడుగురికి చిప్ అమర్చి, కోలుకున్నాక ఇళ్లకు పంపి, అక్కడే పెట్టెలు పెట్టారు. ఆ ఏడుగురూ మాట్లాడారు గాని, ఒక్కొక్క ముక్కే. అవును. కాదు. నీళ్లు. నొప్పి. వద్దు. అంతకు మించి ఏ ఒక్కరూ రెండు మాటలు కలిపి అనలేదు.

పథకాన్ని నడిపే డాక్టర్ వైదేహి నాలుగు నెలలు గమనించి ఒక నిర్ణయానికి వచ్చింది. మొదటి ఇద్దరికీ జబ్బు చేసిన మూడు నెలల్లోపే చిప్ పెట్టారు. ఈ ఏడుగురూ ఏడాదికి పైగా మౌనంగా ఉండిపోయినవాళ్లు. అంతకాలం మాట లేని మెదడు పొడవైన వాక్యాన్ని కట్టే శక్తిని పోగొట్టుకుంటుంది. ఆమె ఈ సంగతి ఒక పరిశోధన పత్రంగా రాసింది. ఇళ్ల దగ్గర చేస్తున్న ప్రయోగం ఆపేసి, ఇకముందు కొత్త రోగులకు మాత్రమే పెట్టాలని కమిటీ తీర్మానించింది. ఈలోగా ఏడుగురిలో పార్వతీపురం ఆయన గుండెపోటుతో పోయాడు. మిగిలిన ఆరు పెట్టెలూ వెనక్కి తెచ్చుకోవాలి.

హైమ వెళ్లేసరికి పొద్దున పదిన్నర. లోవతల్లి భర్త నూకరాజు గుమ్మంలో కూర్చుని చిరిగిన వల కుట్టుకుంటున్నాడు. లోపల మంచం మీద దిండ్లు ఎత్తు పెట్టి కూర్చోబెట్టిన లోవతల్లికి కూతురు దేవి చెంచాతో రాగిజావ పడుతోంది.

"రండి మేడమ్‌గారూ. ఇయ్యాలే పట్టుకుపోతారా?" అన్నాడు నూకరాజు.

"అవునండీ. చెప్పాం కదా, కమిటీ నిర్ణయం."

"పోన్లెండి. మీరు మాత్రం ఏం సేత్తారు." అతను సూది పక్కన పెట్టాడు. "హార్బర్లో ఇరవైయేళ్లు సేపల వేలం పాట పాడిందండి మా ఇంటిది. దాని నోటికి కాకినాడ షావుకార్లే దడిసేవోరు. ఇప్పుడు వద్దు తప్ప మాట లేదు. ఏం పెట్టినా వద్దే. అలా వద్దు వద్దంటానే సగమైపోయింది."

హైమ మంచం దగ్గర నేల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. పెట్టె విప్పే ముందు ఎనిమిది నెలల రికార్డు దించుకోవాలి. అది దిగుతుండగా ఊరికే ఉండలేక దేవిని పలకరించింది. "పాలిటెక్నిక్ కదా నువ్వు? సెకండియర్ అయిపోయిందా?"

"మానేశానక్కా. నాన్న సముద్రం మీదకెళ్తే అమ్మని ఎవరు చూత్తారు?" అంటూ దేవి చెంచా ఎత్తింది.

"వద్దు," అంది పెట్టె, లోవతల్లి గొంతుతో.

"చూశారా, జావ కూడా వద్దంట." దేవి చెంచా గిన్నెలో పెట్టేసింది.

హైమ వినడం లేదు. ఆమె చూపు పెట్టె ముందున్న పచ్చదీపం మీద ఉంది. పెట్టె ఏదైనా పంపుతున్నప్పుడు ఆ దీపం మిణుకుమంటుంది. 'వద్దు' అన్నప్పుడు ఒకసారి మిణుకుమంది. తర్వాత లోవతల్లి కూతురివైపే చూస్తూ ఉండగా దీపం గబగబా నాలుగైదుసార్లు కొట్టుకుంది. ఆగింది. ఒక సెకను తర్వాత మళ్లీ ఒకసారి. రెండు సెకన్ల తర్వాత ఇంకోసారి. తర్వాత నాలుగు. తర్వాత ఎనిమిది.

పదకొండేళ్లుగా రూటర్ల మధ్య బతుకుతున్న హైమకు ఆ లయ తెలుసు. పంపిన ముక్క చేరిందని అవతలి నుంచి కబురు రానప్పుడు, ఏ యంత్రమైనా అదే ముక్కను మళ్లీ పంపుతుంది. పంపినకొద్దీ విరామం రెట్టింపు చేసుకుంటూ పోతుంది. చివరికి విసుగెత్తి మానేస్తుంది. ఇక్కడ పెట్టె ఏదో పెద్దదే పంపుతోంది. అది విశాఖ చేరడం లేదు.

లోవతల్లి ఏమీ అనలేదని ఇంట్లో అందరూ అనుకుంటున్న సమయమది.

హైమ ల్యాప్‌టాప్‌లోంచే కేంద్రం కంప్యూటరులోకి వెళ్లి, పనికిరానివని పక్కన పడేసిన సమాచారం ఉండే చోటు తెరిచింది. అక్కడ లోవతల్లి పేరు మీద ముప్పై ఒక్క వేల చిల్లర ముక్కలున్నాయి. పొడవైన భావాన్ని పెట్టె ముక్కలుగా కోసి పంపుతుంది. ముందువన్నీ నిండు ముక్కలు, చివరిది మాత్రం మిగిలినంత, చిన్నది. అక్కడ పడున్నవన్నీ చివరి ముక్కలే. ముందరివి ఒక్కటీ లేవు. తల లేని తోకలతో ఏ వాక్యమూ కట్టలేక కంప్యూటరు వాటిని చెత్త కింద లెక్కేసింది.

"నూకరాజుగారూ, పెట్టె ఇప్పుడే విప్పను. కొంచెం సేపు చూడాలి," అంది హైమ.

పెట్టెలోంచి విశాఖకు పరీక్ష ముక్కలు పంపడం మొదలుపెట్టింది. మధ్యలో కోయడానికి వీల్లేదని ప్రతి ముక్క మీదా గుర్తు పెట్టింది. వంద బైట్ల ముక్క వెళ్లి తిరిగొచ్చింది. వెయ్యి బైట్లదీ వచ్చింది. పదమూడు వందలదీ వచ్చింది. పద్నాలుగు వందల యాభై పంపింది. తెర మీద ఏమీ రాలేదు. మళ్లీ పంపింది. ఏమీ రాలేదు. పద్నాలుగు వందలు పంపితే వచ్చింది. పద్నాలుగు వందల ఇరవైకి మళ్లీ నిశ్శబ్దం.

దారి ఇరుకని అర్థమైంది. రోగుల ఆలోచనలు మధ్యలో ఎవరూ వినకుండా, ఇంటికీ కేంద్రానికీ మధ్య కేంద్రం వాళ్లు ఒక రహస్య సొరంగం లాంటి దారి వేశారు. ఆ దారిలోకి వెళ్లే ప్రతి ముక్కకూ పైన ఒక కవరు తొడగాలి. కవరుతో కలిపితే పెట్టె పంపే నిండు ముక్కలు దారిలో పట్టవు. ఒంటి మాటలు చిన్న ముక్కల్లోనే ఇమిడిపోతాయి కాబట్టి అవి మాత్రం చేరుతున్నాయి. ఆవరణలో ఉన్న మొదటి ఇద్దరికీ సొరంగం అవసరం లేకపోయింది కాబట్టి వాళ్ల మాటలు చేరాయి.

అయితే ఇది ప్రపంచంలో ఎవరికీ తెలియని చిక్కేం కాదు. ముక్క పట్టనప్పుడు దారి మొదట్లోని రూటరు ఊరుకోదు. 'ఇది పెద్దది, ఇంతకన్నా చిన్నది పంపు' అని వెనక్కి కబురు పెడుతుంది. ఆ కబురు అందితే పెట్టె సైజు తగ్గించుకుని పంపాలి. మరి ఆ కబురు ఎందుకు అందలేదు?

హైమ పెట్టెలోని భద్రతా నియమాలు తెరిచింది. నాలుగో వరుసలో ఉంది. 'బయటి నుంచి వచ్చే ఎలాంటి నియంత్రణ సందేశాన్నీ లోపలికి రానివ్వరాదు.' పక్కన తేదీ, రాసినవారి పేరు. కె. హైమ.

గుర్తొచ్చింది. మొదటి పెట్టెను ఇంటికి పంపడానికి వారం ముందు ఎవరో ఊరూపేరూ లేనివాళ్లు బయటి నుంచి పెట్టెల్ని కెలుకుతున్నారని తెలిసింది. రోగుల మెదడుకు తగిలించిన పెట్టెలవి. ఆమె భయపడి అన్ని తలుపులూ ఒక్క దెబ్బకు మూసేసింది. ఏది అవసరమో ఏది కాదో విడివిడిగా చూడలేదు. పదిహేను నిమిషాల పని. ఆ రోజు డాక్టర్ వైదేహి మెచ్చుకుంది కూడా.

ఒక అంకె మార్చి లేచి వెళ్లిపోతే ఎవరికీ తెలియదు. రోగి కోలుకుంది, మెదడు మళ్లీ చిగురించింది అని రాసుకుంటారు. ఆ ఆలోచన హైమకు రాకపోలేదు. వచ్చింది, ఒక నిమిషం ఉంది కూడా. ఆ నిమిషంలో ఆమె వేళ్లు మాత్రం పని చేస్తూనే ఉన్నాయి. పెట్టె పంపే ముక్కల సైజును పదమూడు వందల అరవైకి దించింది. ఏ ముక్కా అంతకు మించకూడదు. నాలుగో వరుస కొట్టేసి, 'దారి ఇరుకు' అనే ఒక్క కబురుకు మాత్రం తలుపు తెరిచింది. పెట్టె ఆగి మళ్లీ వెలిగింది.

దేవి గిన్నె తీసుకుని లేవబోతోంది. పచ్చదీపం గబగబా కొట్టుకుంది. ఈసారి మధ్యలో ఆగలేదు.

"ఒసే దేవీ, కాలేజీ మానొద్దే, మానొద్దే అని ఎనిమిది నెలల్నించి మొత్తుకుంటన్నాను. వద్దంటే జావ వద్దని కాదే పిల్లా. నువ్వు ఇంట్లో కూకోవద్దని."

గిన్నె దేవి చేతిలోనే ఉంది గాని జావ సగం నేల మీద పడింది. గుమ్మంలో నూకరాజు లేచి నిలబడ్డాడు. వల కాళ్లకు చుట్టుకుంది. అది విడిపించుకోకుండానే లోపలికి రెండడుగులు వేశాడు.

"నువ్వు కూడా విను," అంది పెట్టె. "ఆ ఫ్యాను రెక్క ఒకటి వదులైపోయింది. రోజూ దాని కిందే నన్ను పడుకోబెట్టి నువ్వు సావిట్లో గుర్రెడతన్నావు. ఎప్పుడు మీద పడుద్దోనని నాకు కంటిమీద కునుకు లేదు. నీ కాలు మీద పుండు ఎందుకు సూపించుకోట్లేదు? మూడు వారాలైంది. నేను సూత్తానే ఉన్నాను."

నూకరాజు మంచం పట్టె పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. "లోవా," అన్నాడు. దేవి తల్లి మెడ చుట్టూ చేతులు వేసి ఏడుస్తోంది. లోవతల్లి ముఖంలో కదిలేవి కళ్లు మాత్రమే. అవి కూతురి మీంచి మొగుడి మీదకీ, మొగుడి మీంచి కూతురి మీదకీ పరుగెడుతున్నాయి. మాటలు వస్తూనే ఉన్నాయి. జావలో ఉప్పు వేయడం లేదని. పక్కింటావిడ వచ్చి కూర్చుని తన చావు గురించి తన ముందే మాట్లాడుతుంటే వీళ్లు ఊరుకున్నారని. దేవికి గొంతు పట్టి జ్వరం వచ్చినప్పుడు మిరియాల కషాయం పెట్టమని తొమ్మిదిసార్లు చెప్పిందని.

హైమ గోడకు ఆనుకుంది.

కొంత సద్దుమణిగాక నూకరాజు ఆమె వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు. "మీ రుణం..."

"అలా అనకండి," అంది హైమ. "ఇది నేను బాగుచేసింది కాదు. పాడుచేసింది." అని జరిగింది జరిగినట్టు చెప్పింది. పొడవైన మాట దారిలో పట్టదని, పట్టడం లేదని దారిలోని యంత్రం కబురు పెడుతుందని, ఆ కబురు లోపలికి రాకుండా తలుపు మూసింది తనేనని.

నూకరాజు కాసేపు ఆలోచించాడు. "అంటే, ఏరు సముద్రంలో కలిసే మొగలో లోతు లేదు, పెద్ద బోటు తేవొద్దని గట్టు మీంచి కేకేసేవోణ్ని మీరే గెంటేశారన్నమాట."

"అంతేనండి."

అతను తల దించుకున్నాడు. కోప్పడాలో వద్దో అతనికే తెలియనట్టుంది. అతని తరఫున ఆ పని లోవతల్లి చేసింది. హార్బర్లో ఇరవైయేళ్లు పాట పాడిన నోరు అది. దొరలెక్కడో కూర్చుని తలుపులు మూస్తే, ఇక్కడ బతికున్న మనిషిని బొమ్మను చేసి పెట్టారని అంది. నా కూతురికి ఒక ఏడు పోయింది, అది నువ్వు తెచ్చిత్తావా అంది. నేనిక్కడున్నాను, లోపలే ఉన్నాను అని ఎన్నిసార్లు అరిచానో నీకు తెలుసా అంది. ముప్పై ఒక్క వేలసార్లని హైమకు తెలుసు. చెప్పలేదు. మోకాళ్లు ముడుచుకుని కూర్చుని అన్నీ వింది. కన్నీళ్లు తుడుచుకోవడానికి కూడా చెయ్యెత్తలేదు.

చివరికి ఆ గొంతు తగ్గింది. "నాలాంటోళ్లు ఇంకా ఉన్నారన్నారు గదా. ఎందరు?"

"ఇంకో అయిదుగురండి."

"ఆళ్లకి కూడా ఇలాగేనా?"

"ఇలాగేనండి."

"మరి నా కాడ కూకుని ఏడుత్తావేంటమ్మా? లెగు. ముందు ఆళ్లది సూడు."

లేవక్కరలేకపోయింది. లోవతల్లి మంచం పక్క నుంచే హైమ అయిదు పెట్టెల్లోనూ ఆ అంకె మార్చింది. ఒక్కొక్కటి మార్చే ముందు ఆ ఇంటికి ఫోన్ చేసి, మనిషి దగ్గర ఎవరో ఒకరు కూర్చోండి, గబుక్కున మాట వింటే కంగారుపడకండి అని చెప్పింది. అనకాపల్లి ఆటో డ్రైవరు నోరు రాగానే తన ఆటో అమ్మేసిన తమ్ముణ్ని పిలవమన్నాడు. మంచంలో ఉన్న నర్సీపట్నం నర్సు గంటసేపు ఒక్క మాటా అనలేదు. అందరూ హడలిపోయాక, ఏం చెప్పాలో ఎంచుకుంటున్నానర్రా, కొంచెం ఆగండి అంది. మధ్యాహ్నం రెండయ్యేసరికి అయిదిళ్లూ అయ్యాయి. దేవి బలవంతాన హైమకు చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఇగురు పెట్టాల్సింది, పులుసు కాదు అని మంచం మీంచి వినిపించింది.

అప్పుడు హైమ డాక్టర్ వైదేహికి ఫోన్ చేసింది. జరిగిందంతా చెప్పింది.

"పత్రం అచ్చుకు వెళ్లిపోయింది కదా మేడమ్," అంది హైమ.

"దాన్ని వెనక్కి తీసుకుంటాను. అదెంత పని." అంది డాక్టర్. "నేను ఆ ఏడిళ్లకీ స్వయంగా వెళ్లి, మీ మనిషి మెదడులో ఆ భాగం పోయింది, ఇక ఆశ పెట్టుకోకండి అని చెప్పాను హైమా. ఏడుసార్లు చెప్పాను. నువ్వు మూసింది తలుపొక్కటే. అందరినీ నమ్మించింది నేను."

తర్వాత డాక్టరే అంది. "ఒకసారి ఆ గొంతు వినిపించు."

హైమ ఫోన్‌ను పెట్టె దగ్గర పెట్టింది. లోవతల్లి డాక్టర్‌ను కూడా వదిలిపెట్టలేదు. వింటూ వింటూ డాక్టర్ వైదేహి నవ్విందో ఏడ్చిందో ఫోన్లో తెలియలేదు.

ఇక మిగిలింది పార్వతీపురం. పోయినాయన పేరు గుమ్మా తవిటినాయుడు, ప్రాథమిక పాఠశాల హెడ్‌మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పోయి రెండు నెలలైంది. ఆయన ఇంట్లో సరిచేయడానికేమీ లేదు. ఆయన భార్యకు చెప్పకుండా ఊరుకున్నా అడిగేవాళ్లు లేరు. నేనే వెళ్తానని హైమ అంటే, నేనూ వస్తానంది డాక్టర్. తర్వాతి ఆదివారం ఇద్దరూ వెళ్లారు.

ఆయన భార్య అప్పలనరసమ్మ వసారాలో చాప వేసి వాళ్లను కూర్చోబెట్టింది. మజ్జిగ ఇచ్చింది. డాక్టర్ మొదలుపెట్టబోతే హైమ ఆపి, తనే చెప్పింది. ఈసారి ఏడవలేదు. ఏడవడానికి తనకు హక్కు లేదనిపించింది.

అంతా విన్నాక ముసలావిడ అడిగింది. "ఐతే ఆయన ఏటి సెప్పినారో మీకాడుందా?"

"లేదమ్మా. చివరి ముక్కలే మిగిలాయి. వాటిలోంచి మాటలు రావు. మేమందరం వారం రోజులుగా ప్రయత్నించాం. రావు."

ఆమె తల ఊపింది. చేతిలోని గ్లాసు అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. హైమ బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. అది ఇవ్వాలా వద్దా అని దారి పొడుగునా తర్జనభర్జన పడింది.

"ఏం చెప్పారో తెలియదు గాని, ఎప్పుడు చెప్పారో తెలుసమ్మా. ప్రతి ముక్క మీదా టైము పడుతుంది. పొద్దున కొన్ని ఉన్నాయి, రాత్రి కొన్ని ఉన్నాయి. కాని ఎక్కువ భాగం, ఆరు నెలల పాటు, ప్రతిరోజూ సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్యలోనే ఉన్నాయి. ఎందుకో మాకు తెలియలేదు."

అప్పలనరసమ్మ కాగితం తీసుకుంది. కళ్లజోడు లేకుండా అందులో ఏమీ కనిపించదు. అయినా దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"నాలుగింటికి నా పనులన్నీ అయిపోయేవి," అంది మెల్లగా. "అప్పుడెల్లి ఆయన పక్కన కూకునేదాన్ని. ఊర్లో సంగతులన్నీ సెప్పేదాన్ని. దీపాలెట్టే దాకా. డాక్టరమ్మ ఆ పొద్దు సెప్పినారు గదా, ఆయనకింక పెద్ద మాటలు బోధపడవని. నేను గోడతో మాటాడతన్నానని మా కోడలు జాలిపడేది. నాకే ఒక్కోపాలి అలాగనిపించేది."

"కాదమ్మా," అంది డాక్టర్ వైదేహి. "నేను తప్పు చెప్పాను. ఆయన అన్నీ విన్నారు. ప్రతిరోజూ మీకు జవాబు చెప్పారు."

ముసలావిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆ ముఖంలో వాళ్లు ఊహించిన దుఃఖం లేదు. ఎన్నాళ్లుగానో మోస్తున్న బరువేదో దింపుకున్న మనిషిలా గోడకు చేరబడింది.

"ఐతే ఇద్దరమూ మాటాడుకున్నామన్నమాట," అంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, కోడలిని పిలిచింది. "ఓలమ్మీ, ఇలా రా. ఈళ్లు ఏటి సెప్తన్నారో నువ్వు కూడా విను."